ఆర్డిత్ ఓటు, డ్వేన్ ఓటు

ఎన్నికలొచ్చాయంటే మా వీధి జనం ముందుగా చూసేది ఆర్డిత్ హోల్ట్‌గ్రేవ్ ఇంటి ముందున్న గడ్డినే. ఎడమ పక్కన ఆవిడ పాతిన అట్టబోర్డు, కుడి పక్కన ఆవిడ మొగుడు డ్వేన్ పాతిన అట్టబోర్డు. ఒకటి వద్దంటే రెండోది కావాలంటుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ ఒక్క ఎన్నికలోనైనా ఒక పక్కన నిలబడిన పాపాన పోలేదు.

ఓటు రోజున మాత్రం ఒకే ట్రక్కులో కలిసి వెళ్ళేవాళ్ళు. చర్చి నేలమాళిగలో చెరో ఓటూ వేసి, అక్కణ్ణుంచి నది దాటి వెళ్ళి, పొగ మీద మాడ్చిన గొడ్డుమాంసం ముక్కలు కడుపునిండా తిని ఇంటికొచ్చేవాళ్ళు. నేను పక్కింటి వెల్డాని, స్కూలు పిల్లలకు వంట చేసి చేసి రిటైరైనదాన్ని. నా నోరు ఊరుకోదు కదా, ఒకసారి అడిగేశాను.

"ఎందుకర్రా ఈ తిరుగుడు? ఆవిడ ఓటు నువ్వు కొట్టేస్తావు, నీ ఓటు ఆవిడ కొట్టేస్తుంది. ఇద్దరూ ఇంట్లోనే కూర్చుంటే లెక్క అదేగా, పెట్రోలన్నా మిగులుతుంది."

"అమ్మో, నేనిలా కునుకు తీస్తే చాలు, ఈవిడ దొడ్డిదారిన పోయి వేసొచ్చేస్తుంది," అన్నాడు డ్వేన్.

"నీ మొహం! ముందు నువ్వు మెలకువగా ఉంటే కదా," అంది ఆర్డిత్.

వాళ్ళ కాపురమంతా అంతే. చూసినవాళ్ళకి కుళ్ళు పుట్టేది. నాకూ పుట్టింది, అబద్ధమెందుకు.

ఆ ఏడు మా కాన్సాస్ సిటీని పట్టి ఊపేసింది విమానాశ్రయం గొడవ. పాత టెర్మినళ్ళు కూలగొట్టి కొత్తది ఒకటి కట్టాలా, కడితే డబ్బెవరు పెట్టాలి అని. పాతదానిలో కారు దిగితే ఎదురుగా విమానం తలుపే. ఊళ్ళో వాళ్ళకి అదో పెద్ద గొప్ప. నాకైతే ఒళ్ళుమంట. తనిఖీ దాటి లోపల కూర్చున్నాక ఒంటికి వెళ్ళాలన్నా మళ్ళీ బయటికొచ్చి లైనులో నిలబడాలి, ఇదేం గొప్పో! మంగలి దుకాణంలో అదే మాట, చర్చిలో చేపల వేపుడు విందుల్లోనూ అదే మాట.

ఆర్డిత్ వద్దనే పక్షం. దానికి కారణం ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. డ్వేన్‌కి అంతకు ముందు ఏడే ఎముకల్లో క్యాన్సర్ బయటపడింది. నెలనెలా హూస్టన్‌లో వైద్యం. డ్వేన్ పైపులు బిగించే పనివాడు, యూనియన్ హాల్లో పెద్దమనిషి. చక్రాల కుర్చీలో కూర్చోమంటే ప్రాణం పోయినట్టే. పాత టెర్మినల్లో ఆ బెడద లేదు. కారు దిగి, ఆర్డిత్ భుజం మీద ఊరికే చెయ్యి వేసినట్టు వేసి, తన కాళ్ళ మీద తను నడిచి విమానమెక్కేవాడు. కొత్తది కడితే ఆ పొడుగాటి నడక ఆయన వల్ల అయ్యే పని కాదు. ఆర్డిత్ గుండెల్లో గుబులంతా అదే.

డ్వేన్ మాత్రం యథాప్రకారం 'కావాలి' అనే బోర్డు పాతాడు.

వేసవిలో చర్చి హాల్లో సభ పెట్టారు. నగరం తరఫున ఒకతను టై కట్టుకుని వచ్చి, గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించాడు. "మీ జేబులోంచి ఒక్క సెంటు కూడా తియ్యం. విమాన కంపెనీలే కట్టుకుంటాయి," అన్నాడు.

ఆర్డిత్ లేచి నిలబడింది. "కంపెనీలవాళ్ళకి డబ్బు పెరట్లో కాస్తుందా నాయనా? తిప్పి తిప్పి టికెట్టు మీదే కదా వేస్తారు!"

హాలంతా గొల్లుమంది. అక్కడితో కూర్చుంటే బాగుండేది. ఎవరో కుర్రాడు వెనక నుంచి, "నాలుగడుగులు నడిస్తే అరిగిపోతావా మామ్మా?" అన్నాడు. ఆర్డిత్‌కి ఒళ్ళు తెలియని కోపమొచ్చింది.

"నేను నడుస్తానురా, నా మొగుడు నడవలేడు! ఎముకలన్నీ పుచ్చిపోయినా తన కాళ్ళ మీద తను వెళ్ళి విమానమెక్కుతున్నాడు. ఆ కాస్తా లాక్కుంటారా మీరు?"

యూనియన్ వాళ్ళంతా తలలు తిప్పి డ్వేన్ వంక చూశారు. అన్ని నెలలూ పళ్ళబిగువున దాచుకున్నది పెళ్ళామే నలుగురిలో పెట్టేసింది.

డ్వేన్ ముందు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. కోపం లేదు ఆయన మొహంలో.

"మా ఆవిడ చెప్పింది నిజమే. కానీ ఆ కొత్తది తెరిచే వేళకి నేనుండను. ఉండనివాడి కాళ్ళ కోసం ఊరి పని ఆపకండి. మా యూనియన్ హాల్లో పని లేక కూర్చున్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకి కాస్త పని దొరకనివ్వండి."

నేనుండను అనే మాట వాళ్ళింట్లో అప్పటిదాకా ఎవరి నోటా రాలేదు. ఆర్డిత్ తన పక్కనున్న మనిషిని ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రక్కు నేనే నడిపాను. వెనక సీట్లో ఆర్డిత్ ఏడుపు, మధ్యమధ్య ఆయన గొంతు: "ఊరుకో ఆర్డీ. ఎప్పుడో అప్పుడు తెలిసేదేగా."

ఆకులు రాలే కాలానికి డ్వేన్ మంచం పట్టాడు. హూస్టన్ ప్రయాణాలు ఆగిపోయాయి. పాత టెర్మినల్ ఉన్నా పోయినా ఆయనకిక పనిలేదు. అయినా ఆర్డిత్ తన బోర్డు పీకలేదు. నేను సూపు పట్టుకుని వెళ్ళిన రోజున మంచం మీంచి ఆయన ఆర్డిత్‌తో దెబ్బలాడుతున్నాడు.

"నా మీద జాలితో నీ ఓటు మార్చావో, ఊరుకోను. ఇన్నేళ్ళు కష్టపడి పోట్లాడుకున్నాం. చివర్లో చెడగొట్టకు."

"నీ మీద జాలా? నాకేం పట్టింది?" అంటూ ఆయన పాదాలకి మేజోళ్ళు తొడుగుతోంది ఆర్డిత్.

"మాటియ్యి."

"ఇచ్చాలే, పడుకో."

ఓటు రోజు ఇంకా రెండు వారాలుందనగా పోయాడు, పాపం. యూనియన్ వాళ్ళే శవపెట్టె మోశారు. ఆర్డిత్ కంట చుక్క నీరు రాలేదు. వచ్చినవాళ్ళందరికీ కాఫీలు పోస్తూ తిరిగింది.

ఓటు రోజున నేనే తీసుకెళ్ళాను. దారిలో నా నోరు మళ్ళీ ఊరుకోలేదు. "ఈ ఒక్కసారికి ఆయన పక్షాన వేసెయ్యవే. ఎవరు చూడొచ్చారు?"

"మాటిచ్చాను వెల్డా."

నేను వేసి బయటికొచ్చి గోడవారన నిలబడ్డాను. నా తర్వాత వచ్చినవాళ్ళూ వేసి వెళ్ళిపోతున్నారు, ఆర్డిత్ మాత్రం ఓటు వేసేచోట అడ్డం పెట్టిన అట్టల మాటునుంచి రాదు. అక్కడ పనిచేసే ముసలాయన వెళ్ళి, "ఏమన్నా సాయం కావాలా అమ్మా?" అని అడిగితే తల అడ్డంగా ఊపింది. చివరికి వచ్చింది. "వద్దనే వేశాను," అంది. తిండికి వెళదామా అంటే ఇంటికి పోదామంది.

ఆ సాయంత్రమే ఫలితం తేలిపోయింది. ఊరంతా కావాలంది. అసలు పోటీయే కాదు. కాస్తయినా ఊరట దొరుకుతుందని పరుగున వెళ్ళాను.

"డ్వేన్ గెలిచాడే!"

ఆర్డిత్ వంటింట్లో దీపం కూడా వేసుకోకుండా కూర్చుని ఉంది.

"ఆయనెక్కడ గెలిచాడే? ఆయన వెయ్యనే లేదుగా," అంది. మళ్ళీ తనే అంది: "నలభై ఏళ్ళలో నా ఓటు మిగలడం ఇదే మొదలు. కొట్టేసేవాడు లేక మిగిలిపోయింది."

"పిచ్చిదానా, ఊరంతా కలిసి కొట్టేసిందిగా."

"ఊరు కొట్టేస్తే నాకేంటే? ఆయన కదా కొట్టేయాలి."

అప్పుడు ఏడ్చింది ఆర్డిత్, ఆయన పోయాక మొట్టమొదటిసారి.