పురుగులింటి కుంపట్లు

అనంతపురం జిల్లాలో చలేమిటని కోస్తావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎండకు పేరుపడ్డ ఊళ్లలో చలి కూడా ఉందంటే ఎవరూ నమ్మరు. పెనుకొండ కొండ కింద పల్లెల్లో డిసెంబరు తెల్లవారుజామున బిందెలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేవి. మనుషులు దుప్పటి కప్పుకునో, నాలుగు పుల్లలు రాజేసుకునో గట్టెక్కేవాళ్లు. పట్టుపురుగుకు ఆ వీలు లేదు. చలి ముదిరితే అది మేత మానేస్తుంది, సోలిపోతుంది, పల్చటి చచ్చు గూడు కడుతుంది. కొన్ని అదీ కట్టకుండానే చస్తాయి. అందుకే తొంభైల్లో ఆ పల్లెల్లో చలికాలం వస్తే మనుషుల సంగతి తర్వాత, ముందు పురుగుల సంగతి.

గౌసియాబీది అలాంటి ఇల్లు. మట్టిమిద్దె, రెండు గదులు. పెద్దది పురుగులది, చిన్నది ఆమెది. ఊరి పక్కన బోరు కింద మల్బరీ తోట ఉండేది. భర్త ముస్తఫా నాటిన తోట. పెద్ద గది తలుపు తీస్తే పచ్చి ఆకు వాసన గుప్పుమనేది. వెదురు తట్టల నిండా పురుగులు ఆకు కొరికే చప్పుడు, బయట సన్నజల్లు పడుతోందా అని తల ఎత్తి చూసేంతగా వినిపించేది. ఆ గూళ్లు హిందూపురం మార్కెట్టుకు పోయేవి. దారమై, ధర్మవరం మగ్గాలెక్కి, పెళ్లిచీరలయ్యేవి. పురుగులు మేపిన మనిషికి పట్టుచీర లేదే అని కళ్లొత్తుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గౌసియాబీకి ఆ బాధ లేదు. "అంత బరువు గుడ్డ సుట్టుకోని ఆకు కోసేదెట్లబ్బా?" అనేది.

పురుగులింటికి ఉన్న మడి ఏ పూజారి ఇంటికీ ఉండేది కాదు. కాళ్లూ చేతులూ కడగనిదే గడప దాటకూడదు. బీడీ తాగినవాడు రాకూడదు. పౌడరు పూసుకున్నామె రాకూడదు. అగరొత్తి వద్దు, పోపు వాసన వద్దు. పురుగుమందు కొట్టిన మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కవాళ్ల చేలో కొట్టిన మందు గాలికి ఆకు మీద పడితేనే తట్టలకు తట్టలు పోయేవి.

ఆ లెక్కన అందరికన్నా గట్టి నిషేధం ఆమె మరిది షఫీ మీద ఉండేది. బీడీ తాగుతాడు, కందిచేనుకు మందు కొడతాడు, రెండూ ఒకే చొక్కాతో. అన్న పోయాక వదినకు రోజూ పొద్దున్నే పాలు తెచ్చిచ్చే బాధ్యత తనే నెత్తిన వేసుకున్నాడు. చెంబు వాకిట్లో అరుగు మీద పెట్టి, అక్కడి నుంచే కేకేసేవాడు.

"ఏమి వదినా, బతికే ఉండావా?"

"నిన్ను సాగనంపిందాక నేను యాడికీ పోను. పాలు పెట్టి ఆడనుంచి ఆడే పో."

ఇది రోజూ జరిగేది. ఇందులో ఆప్యాయత వెతకనక్కర్లేదు. ఇద్దరికీ తోట మీద తగాదా ఉండేది. మల్బరీ పెరికేసి ఆ బోరు నీళ్లకు శెనక్కాయ వెయ్యాలని షఫీ పట్టు. ఒంటరి ఆడమనిషికి ఆకు కోయడం, తట్టలు మార్చడం అయ్యే పని కాదని అతని వాదన. సగం నిజమే. ముస్తఫా పోయిన మరుసటి డిసెంబరులో, ఇరుగింటి నల్లమ్మ ఎదుట మాట ఖాయం చేసుకున్నారు. ఈ చలికాలం పంట నిలిస్తే తోట ఉంటుంది. పోతే గడ్డపార షఫీ చేతికి.

"చలికాలం పంట యాడ నిలుస్తాదిలే," అన్నాడు షఫీ.

"నిలిస్తే ఏం జేస్తావు?" అంది నల్లమ్మ.

"నోరు మూసుకుంటా."

"అయితే నిలవల్ల తల్లీ," అంది నల్లమ్మ గౌసియాబీతో. "దానికోసమన్నా నిలవల్ల."

పురుగులు మూడు జ్వరాలు బాగానే దాటాయి. పురుగు పెరిగే కొద్దీ పాత చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. దాన్నే జ్వరం అంటారు. నాలుగోది ఆఖరుది. అందులోంచి లేచిన పురుగు ఆబగా మేసి గూడు కట్టేస్తుంది. సరిగ్గా ఆ నాలుగో జ్వరానికే రేడియో నోరు విప్పింది. ఉత్తరాది నుంచి చలిగాలులు, రాయలసీమలో ఉష్ణోగ్రతలు బాగా పడిపోతాయి, వృద్ధులు, పిల్లలు తగు జాగ్రత్తలు తీసుకోవలెను. పురుగుల మాట రేడియో ఎత్తలేదు. గౌసియాబీ తనే చేర్చుకుంది.

మామూలుగా చలి రోజుల్లో గదిలో ఒక కుంపటి పెట్టేది. కిటికీలకు గోనెపట్టలు కట్టేది. మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన కంతను గవాక్షి అంటారు. దాన్ని మాత్రం ముయ్యదు. బొగ్గులు కాలే గదికి ఒక కన్ను తెరిచి ఉండాలని, లేకుంటే ఆ పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుందని అత్త చెప్పింది, అత్తకు ఆమె అత్త చెప్పింది. అయితే ఆ సాయంత్రం గవాక్షిలోంచి దిగుతున్న గాలి సూదుల్లా ఉంది. నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కింది. ముస్తఫా కంబళిని నాలుగు మడతలు వేసి గవాక్షిలో కుక్కి, పైన బండ పెట్టింది. కిందికి దిగి రెండో కుంపటి రాజేసింది. గది వెచ్చబడింది. ఆ వెచ్చదనంలో తట్టల పక్కనే చాప వేసుకుంది. తెలియక చేసిన పని కాదు. తెలిసిందాన్ని ఒక్క పూట పక్కన పెట్టింది.

పొద్దున మంచుకు కొండ కనపడలేదు. షఫీ చెంబు అరుగు మీద పెట్టాడు.

"ఏమి వదినా, బతికే ఉండావా?"

జవాబు లేదు. అలిగిందనుకున్నాడు. మళ్లీ పిలిచాడు. తిట్టు రాలేదు. తలుపు మీద చెయ్యి వేసి వెచ్చగా ఉందని గమనించాడు, లోపలి కుంపటి గుర్తొచ్చింది. ఆ క్షణంలో షఫీ చేసిన పని గురించి ఊళ్లో ఏళ్ల తరబడి నవ్వుకున్నారు. ముందురోజే కందికి మందు కొట్టిన చొక్కా అది. ఆ చొక్కా పీకి అవతల పారేశాడు. లుంగీ కూడా. చారల నిక్కరుతో నిలబడి, తొట్టిలోని చల్లటి నీళ్లు కాళ్ల మీదా చేతుల మీదా గుమ్మరించుకుని, అప్పుడు భుజంతో తలుపు తోశాడు. పాత గడియ ఊడి పడింది. గౌసియాబీని చంకల కింద పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. నిచ్చెన ఎక్కి బండ నెట్టి కంబళి లాగేశాడు.

నల్లమ్మ పరిగెత్తుకొచ్చి మొహాన నీళ్లు చల్లింది. కాసేపటికి గౌసియాబీ వాంతి చేసుకుంది, కళ్లు తెరిచింది. పైన మిద్దె అంచున నిక్కరుతో మరిది కనిపించాడు.

"కాళ్లు కడుక్కోని పోయినావా లోపలికి?" అంది.

"కాళ్లేంది వదినా! సలికి సస్తా ఒళ్లంతా కడిగినా. ఇంకేమన్నా ఇప్పల్లంటే ఈ నిక్కరొగటే ఉండాది."

"దాని జోలికి పోవద్దులే అబ్బా," అంది నల్లమ్మ. "పురుగులు జడుసుకుంటాయి."

గోడల పక్క తట్టల్లో పురుగులు కొన్ని నల్లబడి పోయాయి. మిగతావి మధ్యాహ్నానికి జ్వరం నుంచి లేచి తలలాడించాయి, ఆకు కోసం. గౌసియాబీ తల ఎత్తితే లోకం తిరుగుతోంది. ఇక మిగిలింది షఫీ. ఆకు కోసుకొచ్చాడు. ఎండ పొడలో మంచం మీద పడుకుని ఆమె కేకలేస్తుంటే తట్టలకు మేత వేశాడు.

"కుప్ప పోయొద్దు, సల్లు! నీ దూడకు ఏసినట్ల ఏస్తాండావు!"

"నా దూడ ఇన్ని మాటలనదు వదినా!"

పురుగులు గూళ్లు కట్టేదాకా బీడీ ముట్టలేదు. మంచితనం వల్ల కాదు, ఆమె నోటికి భయపడి. ఆ పొద్దుటి చన్నీళ్లకు దగ్గు పట్టుకుని వారం రోజులు ఖళ్లుఖళ్లుమన్నాడు.

ఆ పంట గొప్పదేం కాదు. హిందూపురం మార్కెట్టులో గూళ్లు చేత్తో నొక్కి చూసినవాళ్లు పెదవి విరిచారు. నిలిచినట్టా, పోయినట్టా? నల్లమ్మ తీర్పు చెప్పడానికి సిద్ధంగా కూర్చుంది. షఫీ అడగనే లేదు. గడ్డపార బదులు కొడవలి తీసుకుని తోటకు పోయి కొమ్మలు కొట్టాడు, కొత్త చిగురు కోసం.

"పెరికేస్తానంటివే?" అంది గౌసియాబీ.

"నేను మేపినాక అది నా తోట గూడా. పెరికితే నా సాకిరంతా యాడికి పోవల్ల?"

తర్వాత ఏళ్లలో బోరు ఎండింది. ఇంకా లోతుకు వేశారు, అదీ ఎండింది. రెండువేల మూడు ఎండాకాలంలో గౌసియాబీ తనే చెప్పి తోట పెరికించింది. ఆరోజు ఎవరూ పెద్దగా ఏడవలేదు. తట్టలు మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. పెద్ద గదిలో గోడకు ఆనించి ఉంచింది. వాన పడే రాత్రుల్లో పురుగులు మేస్తున్నాయనుకుని లేచి కూర్చునేదట.

ఇప్పుడు చలి హెచ్చరికలు టీవీలో వస్తాయి, బొమ్మలతో, బాణపు గుర్తులతో. అవి చూసిన సాయంత్రం గౌసియాబీ దుప్పటి వెతుక్కోదు. నిచ్చెన వేయించి గవాక్షిలో ఆకులేమైనా అడ్డుపడ్డాయేమో చూపిస్తుంది. కుంపటి లేదు, పురుగులూ లేవు. అయినా సరే. మరునాడు పొద్దున షఫీ వస్తాడు. గడియ ఊడిన ఆ తలుపు ఇప్పుడు తోస్తే తెరుచుకుంటుంది, అతను తొయ్యడు. అరుగు దగ్గరే నిలబడతాడు, చెంబుతో.

"ఏమి వదినా, బతికే ఉండావా? లోపలికి రావచ్చునా?"

"సొక్కా ఇప్పి రా," అంటుంది ఆమె లోపలి నుంచి.