తాతా, సబ్‌వూఫరూ, నా గొంతూ

ఆ రోజుల్లో తమిళనాడులోని మా ధర్మపురిలో కారు కొన్నవాడు గుళ్ళో కొబ్బరికాయ కొట్టి నేరుగా మా కారు స్టీరియోల షాపుకే వచ్చేవాడు, డిక్కీలో సబ్‌వూఫర్, అంటే దరువు మోగించే పెద్ద స్పీకరు డబ్బా, పెట్టించుకోవడానికి. ఇంజిన్ ఎలా ఉన్నా ఫరవాలేదు, బండి వెళ్తుంటే వీధిలో షట్టర్లు వణకాలి. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ వణుకు పుట్టించే ఉద్యోగం నాది. తరతరాలుగా పప్పులూ బెల్లమూ అమ్మిన ఇంట్లో పుట్టి స్క్రూడ్రైవర్ పట్టుకున్న మొదటి వెధవను నేనే (ఇది మా నాన్న మాట, ఇప్పుడు నాకూ పెద్దగా అభ్యంతరం లేదు).

మా తాతకు అప్పటికి పదేళ్ళుగా చెవులు వినపడవు. చెవి మిషన్ పెట్టుకుంటే ఈల వేస్తుందని తీసి పారేశాడు. ఆయన మాట్లాడితే మేము వినం, మేము మాట్లాడితే ఆయనకు వినపడదు. ఇద్దరికీ సరిపోయిందని ఇంట్లో అందరూ ఊరుకున్నారు. అన్నానికి పిలవాలంటే నోటి దగ్గర చెయ్యి, స్నానానికైతే నెత్తిమీద చెయ్యి. ఆ రెండు సైగలతోనే ఆయన రోజులు గడిచిపోయేవి. ఇంట్లో మాట తెలుగే అయినా బళ్ళో నేర్చింది తమిళం కాబట్టి, తమిళంలో రాసి చూపిస్తే చక్కగా చదివేవాడు. కానీ రాసే ఓపిక ఎవరికుంది? నాకైతే అసలే లేదు.

ఒకరోజు నా అన్నం క్యారియర్ పట్టుకుని తాత షాపుకొచ్చాడు. నేను మహేంద్రమంగళం నుంచి వచ్చిన ఒక రైతు కారులో టెస్ట్ టోన్ పెట్టి చూస్తున్నాను. అది చెవి కంటే ముందు పొట్టకు తెలిసే శబ్దం. తాత గుమ్మంలోనే ఆగి ఛాతీ తడుముకున్నాడు. తిన్నగా డిక్కీ దగ్గరికి వచ్చి, గోనెసంచిలో చెయ్యిపెట్టి కందిపప్పు నాణ్యం చూసినంత శ్రద్ధగా సబ్‌వూఫర్ డబ్బా మీద అరచెయ్యి పరిచి కళ్ళు మూసుకున్నాడు.

"వస్తా ఉందిరా! నాకు వినిపిస్తా ఉంది! సరుకు మంచిది, ఎత్తుకోండి," అని కేకేశాడు.

రైతు పొట్ట పట్టుకుని నవ్వి, ఇంకో మాట లేకుండా అదే ఖాయం చేసుకున్నాడు. మా షాపు ఓనరు నన్ను పక్కకు లాగి, "రేపటి నుంచి తాతను దినమూ పిల్చుకోని రా. చెవిటాయనకే వినిపించిందంటే ఇంగ ఎవురు వద్దంటారురా?" అన్నాడు. నేను సిగ్గుపడ్డానా? లేదు, తాతకు కుర్చీ వేశాను. ఆయన ఉతికిన పంచె కట్టుకుని పదింటికల్లా వచ్చి, ప్రతి డబ్బా మీదా చెయ్యి పరిచి అదే కేక వేసేవాడు. చుట్టూ జనం నవ్వుతుంటే తన మాటకు మెచ్చుకుంటున్నారని అనుకునేవాడు. ఆ సంగతి రాయాలంటే నాకు ఇప్పటికీ తల ఎత్తుకోలేనంత సిగ్గు.

ఒక మధ్యాహ్నం బేరగాళ్ళెవరూ లేనప్పుడు తాత నా చొక్కా పట్టుకున్నాడు. "అబ్బయ్యా, దీంట్లో నీ గొంతు పెట్టరా. చిన్నప్పుడు నువ్వు మాట్లాడింది గుర్తుంది. పెద్దోనివైనాక నీ గొంతు ఎట్లుందో నేను వినలేదు," అన్నాడు.

మైకు తగిలించి "తాతా" అన్నాను. తర్వాత అరిచాను. డబ్బా అదరలేదు. మాట అంత లోతుకు దిగదు. ఆ డబ్బాకు దరువు తప్ప ఇంకేమీ పట్టదు. తాత అరచేతిని తిప్పి చూసుకుని, పంచెకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. ఒక కాగితం తీసి నాలుగు ముక్కలు రాసి ఇచ్చి ఉండవచ్చు. నా బుర్ర అటు పోలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో ఒక కుత్తుపాట, అంటే డప్పుల హోరుండే తమిళ పాట, నొక్కి, ఊరికే పెదవులు ఆడించాను. డబ్బా అదిరింది. తాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అబ్బా, ఏం గొంతురా! మా నాయన గొంతే నీకొచ్చింది," అన్నాడు. పాట అయిపోయేదాకా నేను పెదవులు ఆడిస్తూనే ఉన్నాను. (నా తెలివికి ఆ రోజు నేనే తెగ మురిసిపోయాను కూడా.)

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తాత అరుగు మీద కూర్చుని పక్కింటామెకు చెప్తున్నాడు. "ఈ పొద్దు నా మనవడు నాతో మాట్లాడినాడమ్మా. ఏం చెప్పినాడో తెలీలేదు గానీ, శానా సేపు చెప్పినాడు."

ఆ పాట నాలుగు నిమిషాలు. ఆ పదేళ్ళూ కలిపి చూసినా నేను ఆయనతో అంతసేపు మాట్లాడలేదు. మైకు పట్టుకుని నోరు ఆడిస్తున్న ఆ మొనగాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. పూర్తిగా మాత్రం రాదు.