సాగని పట్టీ కోసం తాడిపత్రి మీదుగా యాడికి

మా అక్క నారాయణమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. యాడికిలో కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. 2001 వేసవి మొదట్లో ఆమెకు ఆయాసం ఎక్కువైంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. తల, ఛాతీ ఎత్తుగా ఉండేటట్లు పడుకోబెట్టమని డాక్టరు చెప్పాడు. దిండ్లు పేర్చి చూశాం, వాటి మీదనుంచి జారిపోయేది. పడక కుర్చీలో కాళ్ళు వాచాయి. చివరికి నేనొక కాన్వాసు ఉయ్యాల కొనుక్కుపోయి, వాళ్ళ వసారాలో రెండు రాతి స్తంభాల మధ్య తలవైపు ఎత్తుగా ఉండేటట్లు పత్తి తాళ్ళతో కట్టాను. అందులో జారిపోవడానికి వీల్లేదు. ఆ మధ్యాహ్నం అక్క గంటసేపు హాయిగా కునుకు తీసింది. నేను ధైర్యంగా అనంతపురం తిరిగొచ్చాను.

పదిరోజులకు కోడలు వెంకటలక్ష్మి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

“మామా, ఉయ్యాల తెల్లారేలోపల కిందికి దిగిపోతాండాది. అత్తకు నడుము కాడ మడిచిపెట్టినట్లయి ఊపిరాడడంల్యా. లేసి గోడకానుకొని కూర్చుంటాండాది. ఇంగొక వారం చూస్తా, ఆపైన ఇప్పేయండి అంటాండాది.”

పడుకున్నప్పుడు ఒకసారి, తెల్లవారి లేచినప్పుడు ఒకసారి నేలనుంచి ఉయ్యాల ఎత్తు కొలిచి చెప్పమన్నాను. నాలుగు రోజుల అంకెలూ ఒకటే మాట చెప్పాయి. రాత్రి ఇరవై నాలుగు అంగుళాలు, తెల్లవారి పదిహేడు. ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో భూములు కొలిచినవాణ్ణి. ఏడంగుళాలు దిగే తాడుకు అక్కను అప్పగించి వచ్చానే అని నామోషీ అనిపించింది. వారం గడువులో మిగిలింది మూడు రోజులు.

బుధవారం ఉదయం ఆరూ పదికి అనంతపురం బస్టాండులో తాడిపత్రి బస్సెక్కాను. సంచిలో టేపు, డైరీ, నాలుగు రకాల తాళ్ళ ముక్కలు ఉన్నాయి: ఉయ్యాలకు కట్టిన పత్తి తాడులోదే ఒక ముక్క, నైలాన్ తాడు, కొబ్బరి నార తాడు, మంచానికి అల్లే నవారు. బుక్కరాయసముద్రం దాటాక వాటిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే లాగి చూస్తున్నాను. పక్కన కూర్చున్న గొర్రెల కాపరి చాలాసేపు ఓర్చుకున్నాడు.

“ఏమప్పా పెద్దాయనా, ఎద్దులన్నీ అమ్మేస్తివా? పలుపులు మాత్రం మిగిలినట్లుండాయే!”

బస్సులో నలుగురు నవ్వారు. విషయం చెప్పాను. అతను నైలాన్ ముక్క తీసుకుని గట్టిగా గుంజి, “ఇది కట్టు సామీ, పొట్టేలు తన్నుకులాడినా తెగదు” అన్నాడు. తెగడం గురించి కాదు, సాగడం గురించి అన్నాను. “సాగితే పొద్దున బిగించుకుంటావు. దానికి తాడిపత్రి దాకా దుడ్లు పెట్టుకొని పోతారా ఎవరన్నా?” అని తేల్చేశాడు.

ఎనిమిదింపావుకు తాడిపత్రి చేరాం. బస్టాండు ఎదుట హోటల్లో మూడు ఇడ్లీలు, ఒక టీ. తాళ్ళ అంగడి తెరిచేసరికి తొమ్మిదైంది. అంగడాయనా గొర్రెల కాపరి పాటే పాడాడు. ఏ తాడు చూపినా “ఎనుమును కట్టినా తెగదు” అన్నాడు గాని, రాత్రంతా బరువు మోస్తే ఎంత దిగుతుందో చెప్పలేకపోయాడు. ఎవరూ అడగలేదట.

అడిగే అవసరం ఉన్నవాళ్ళు ఊరి బయట బండల పాలీషు ఫ్యాక్టరీల్లో ఉంటారని నాకు అప్పుడు తోచింది. పది గంటలకు ఆటోలో వెళ్ళి, మూడో షెడ్డులో బాషా మేస్త్రిని పట్టుకున్నాను. పాలీషు పట్టిన బండలను గొలుసు కప్పీతో లేపి లారీలోకి ఎక్కించేది ఆయనే. యాభై ఏళ్ళుంటాయి, ఒళ్ళంతా తెల్లటి రాతి పొడి.

“నైలాన్ రబ్బరు మాదిరి సామీ,” అన్నాడు నా ముక్కను చూసీ చూడగానే. “బండ లేపినామంటే ఎగురుతాది. అంచు లారీకి తగిల్తే మూల పోతాది, ఓనరు నా తోలు తీస్తాడు. ఇదిగో, ఇది పాలిస్టర్ బెల్టు. యాడ లేపి పెడ్తే ఆడ్నే ఉంటాది.”

మూడు వేళ్ళ వెడల్పున్న చదును పట్టీ అది. బయటికి నైలాన్ పట్టీ లాగానే కనిపిస్తుంది. తేడా పట్టే పద్ధతి ఆయన చూపించాడు. పట్టీ మీద జానెడు దూరంలో పెన్నుతో రెండు గీతలు గీసి, ఒక కొస కాలికింద తొక్కిపట్టి, రెండో కొస రెండు చేతులా గుంజాలి. గీతలు దూరం జరిగితే నైలాన్, కదలకపోతే పాలిస్టర్. అంగట్లో నిలబడి ఎవరైనా చేసుకోవచ్చు.

నేను మాట మీద నమ్మే మనిషిని కాను. షెడ్డు దూలానికి పత్తి తాడు, నైలాన్ తాడు, బెల్టు పక్కపక్కన కట్టించి, ఒక్కోదానికి మా అక్క బరువుకు సరిపోయే బండను వేలాడదీయించాను. వెనక స్తంభం మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. పదిన్నర నుంచి మూడున్నర దాకా అక్కడే కూర్చున్నాను. పనివాళ్ళు పోతూ వస్తూ “బండలు నిద్రపోయినాయా తాతా?” అని అడిగారు.

మూడున్నరకు నైలాన్ మూడంగుళాలు దిగింది. బెల్టు గుర్తు దగ్గరే ఉంది. పత్తి తాడు అర అంగుళం దిగింది.

నాకు ఇబ్బంది పత్తి తాడుతోనే వచ్చింది. నిలువుగా వేలాడే తాడు అంగుళం సాగితే, ఏటవాలుగా కట్టిన ఉయ్యాల రెండంగుళాలు దిగుతుంది. ఆ లెక్క వేసినా, రాత్రంతా అని ఇంకొంచెం కలిపినా, రెండంగుళాలకు మించదు. యాడికిలో అదే తాడు ఏడు ఎందుకు దిగుతోంది? “ముడి జారుంటాది,” అన్నాడు బాషా. “ముడి ఎయ్యొద్దు సామీ. ముడి రాత్రంతా బిగుసుకుంటా కొంత పొడుగు ఇడుస్తాది. బెల్టు కొసను మడిచి కుట్టించు, కొక్కెం తగిలించు.” అదీ కొంత నిజమే. కానీ మిగతా అంగుళాలకు లెక్క కుదరలేదు. డైరీలో అలాగే రాసుకున్నాను.

లారీ సీట్లు కుట్టే అంగట్లో ఆరడుగుల పాలిస్టర్ బెల్టులు రెండు కొని, కొసలు మడిచి నాలుగు వరసల కుట్టు వేయించాను. ఎత్తు సర్దుకోవడానికి నాలుగు వేళ్ళ ఎడంలో మూడు కొక్కెపు కంతలు పెట్టించాను. రెండు ఇనుప కొక్కేలతో కలిపి నూట ఎనభై రూపాయలైంది. నాలుగున్నరకు యాడికి బస్సు దొరికింది.

ఆరు కావస్తుండగా ఇల్లు చేరాను. అక్క వసారాలో గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద దిండు పెట్టుకుని దాని మీద వాలి ఉంది. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

“వచ్చినావా చిన్నోడా. నీ ఉయ్యాల్లో నేను పండుకోను. నన్ను మడత పెడ్తాండాది.”

“ఈ ఒక్కరాత్రి చూడక్కా. కుదరకపోతే నేనే విప్పి తీసుకుపోతా.”

నేను కాళ్ళు కడుక్కుని వచ్చేలోపల వెంకటలక్ష్మి పెద్ద చెంబుతో నీళ్ళు తెచ్చి, స్టూలెక్కి, ఉయ్యాల తాళ్ళ మీద పైనుంచి కిందికి జాగ్రత్తగా పోస్తోంది. ఆ వీధికి నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వస్తుంది. బిందెలన్నిటి మీదా మూతలు పెట్టి ఉన్నాయి.

“ఏం చేస్తాండావమ్మా?”

“తాళ్ళు బిగుసుకుంటాయి కదా మామా. మా నాయన ఇంట్లో మంచం లోతు పడితే ఇట్లే నీళ్ళు కొడ్తాం. అత్త పండుకునే తావ, లూజు ఉండకూడదని దినామూ రెండు చెంబులు పోస్తా.”

నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. పత్తి తాడు తడిస్తే పొట్టిదవుతుంది. ఆరితే మళ్ళీ పొడవు సాగుతుంది. మా ఎండాకాలపు గాలి అర్ధరాత్రికల్లా దాన్ని గలగలలాడేటట్లు ఆరబెడుతుంది. వెంకటలక్ష్మి కొలిచిన ఇరవై నాలుగు అంగుళాలు తడి తాడువి, పదిహేడు పొడి తాడువి. గుడ్డ టేపు మంచుకు తడిస్తే కొలత తప్పుతుందని శాఖలో కొత్తవాళ్ళకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. ఎత్తు ఎంత అని అడిగానే గాని, కొలిచేముందు ఏం చేస్తున్నావని అడగలేదు. పైగా ఉయ్యాల కట్టిన రోజు బయలుదేరుతూ “బిగుతుగా ఉంచండి” అని చెప్పి వచ్చిందీ నేనే.

ఆమెకు విషయం చెప్పాను. స్టూలు మీదే నిలబడిపోయింది.

“అయితే నేనేనా మామా అత్తను నిద్ర పోనియ్యకుండా చేసింది?”

నేను నోరు తెరిచేలోపలే అక్క అందుకుంది. “ఏడుస్తావేమే? చెప్పిపోయింది వాడు, చేసినది నువ్వు. వాడు సదివినోడు గదా, వాణ్ణి ఏడవమను.”

తడి తాళ్ళు విప్పేసి బెల్టులు తగిలించాను. అక్క వాటిని వేళ్ళతో తడిమి చూసి, “ఇవి దేనికి కట్టేటివి?” అంది. బండలు లేపేందుకు అన్నాను. “సరిపోయింది. డెబ్బై ఏళ్ళకు తాడిపత్రి బండనైతి!” అని మొదటిసారి నవ్వింది. నవ్వు దగ్గుగా మారి, సర్దుకోవడానికి కాసేపు పట్టింది. ఎనిమిదిన్నరకు ఎక్కి పడుకుంది. ఎత్తు ఇరవై నాలుగు అంగుళాలు. నేను పక్కనే చాప వేసుకున్నాను.

తెల్లవారి ఐదున్నరకు టేపు తీసుకుని దగ్గరికి పోయాను. వెంకటలక్ష్మి లోపలినుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. “వద్దు మామా. మెలుకువ వస్తాది.” ఆమె చెప్పిందే సరైనది. ఇద్దరం చేటలో వేరుశనక్కాయలు పెట్టుకుని, చప్పుడు కాకుండా ఒలుస్తూ కూర్చున్నాం. వీధిలో పాలవాడు అరిచాడు, అక్క కదల్లేదు. ఎండ వసారా మెట్టెక్కింది, కదల్లేదు. ఏడూ నలభైకి కళ్ళు తెరిచి, “ఎవరూ లేపలేదేమే, ఇంత పొద్దెక్కినాక?” అని కోడలి మీద గట్టిగా అరిచింది. మధ్యలో ఊపిరి కోసం ఆగలేదు. అప్పుడు కొలిచాను. పావు అంగుళం దిగింది.

పదిన్నరకు గుత్తి బస్సు. వెంకటలక్ష్మి బస్టాండు దాకా వచ్చి సంచి అందిస్తూ అడిగింది.

“సాయంత్రం ఇంగ నేనేం చేయల్ల మామా?”

“ఏమీ చేయనక్కర్లేదమ్మా.”

“ఏమీ చేయకుంటే ఎట్ల?”

కొక్కేలు సరిగ్గా కూర్చున్నాయో లేదో రోజూ చేత్తో పట్టి చూడమన్నాను. వారానికొకసారి చూసినా చాలు. కానీ రోజూ అనే చెప్పాను.

ఈ పనిమీద బయలుదేరేవాళ్ళకు నేను నిక్కచ్చిగా చెప్పగలిగినది ఇదీ. వెడల్పాటి పాలిస్టర్ పట్టీ కొనండి. రెండు గీతల పరీక్ష చేయకుండా దుడ్లు ఇవ్వకండి. ముడి బదులు కుట్టు, కొక్కెం పెట్టుకోండి. తెగుతుందా అని కాదు, తెల్లవారేసరికి ఎంత దిగుతుందని అడగండి. నీళ్ళ జోలికి పోకండి. కొలిచిన మనిషితో కాసేపు కూర్చుని, ఆ పూట ఆమె ఏమేం చేసిందో మొదటినుంచి చెప్పించుకోండి. నేను ఆ పని ఫోన్లోనే చేసివుంటే అక్కకు నాలుగు రాత్రులు మిగిలేవి.

గుత్తిలో భోజనం చేసి, ఒంటిగంటకు అనంతపురం బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని ఇదంతా డైరీలో రాయడం మొదలుపెట్టాను. ముందురోజు రాత్రి అక్క ఊపిరి వింటూ నేను కన్ను మూయలేదు. కండక్టరు భుజం తట్టి, “పెద్దాయనా, అనంతపురం వచ్చింది, దిగల్ల” అనేసరికి పుస్తకం కాళ్ళ దగ్గర పడివుంది. నలభై ఏళ్ళుగా ఏ ప్రయాణంలోనూ దాటిన ఊళ్ళు రాయకుండా ఉండలేదు. ఆ పేజీలో గుత్తి తర్వాత అనంతపురమే ఉంది.