కాలువలో నేర్చిన ఈత

ఈదడం, సైకిలు తొక్కడం, పరిగెత్తడం మా వైపు ఆటల లెక్కలోకి రావు. కాలువలో దిగబడిన బర్రెను ఒడ్డుకు తోలాలంటే ఈత రావాలి. నంద్యాల మార్కెట్టుకు పోవాలంటే సైకిలు ఉండాలి. పరుగు సంగతంటారా, కుక్క వెంటబడితే అదే వస్తుంది. ఈ మూడింటినీ మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసి నెగ్గితే సర్కారు ఉద్యోగం వస్తుందని మా హైస్కూలు పీఈటీ సారు చెప్పినప్పుడు విన్నవాళ్లంతా నవ్వారు. మా నాయన మాత్రం నవ్వలేదు. ఆ మనిషికి నవ్వు అంత తొందరగా వచ్చేది కాదు లెండి.

నాయన కేసీ కాలువ మీద లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టు వెంబడి నడిచి ఎక్కడ గండి పడేలా ఉందో చూడడం, నీళ్లు అందని రైతుల చేత తిట్లు తినడం ఆయన పని. పొద్దున్నే వంతెన మీద నిలబడి ఒక చొప్ప ముక్క నీళ్లలో వేసేవాడు. అది ఎంతసేపటికి గట్టున పాతిన కింది దూరం రాయి దాకా పోయిందో చూసి, ఈరోజు నీళ్లు ఎంత జోరుగా ఉన్నాయో చెప్పేవాడు. ఆయన చెప్పిందానికీ ఇంజనీరు కొలిచినదానికీ పెద్ద తేడా ఉండేది కాదని పై ఆఫీసులో కూడా అనేవారు.

ఇది తొంభైల చివరి మాట. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్నాను. "ఏం చేస్తాండావప్పా?" అని అడిగిన ప్రతివాడి మీదా నాకు కోపమే. స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి వయసు దాటిపోవడానికి ఇంకొక్క ఏడాదే మిగిలింది. ఆ ఏడాది రాష్ట్ర ఎంపిక పోటీల్లో నెగ్గాలి, లేదంటే లేదు. ఆ తర్వాత ఎంత ఉరికినా నన్ను పిలిచేవాడు ఉండడు.

"పరుగు పందేనికి తిరనాళ్ల మాదిరి వస్తారురా," అన్నాడు సారు. "ఈ ట్రయాథ్లానుకు రాష్ట్రమంతా కలిపినా గుప్పెడు మంది ఉండరు. నీకు ఈతొస్తాది, తొక్కుతావ్, ఉరుకుతావ్. ఇంగేం గావాల?"

సారు కబడ్డీ మనిషి. నీళ్లంటే ఆయనకు బకెట్టులో ఉండేవే తెలుసు. నాయనకేమో ట్రయాథ్లాన్ అనే మాట నోరు తిరగలేదు. "మూడాటల పందెం" అని ఆయనే పేరు పెట్టుకుని, కాలువ పొడుగునా ఉన్న రైతులందరికీ చెప్పేశాడు. జన్మలో నన్ను ఒక్క మాట మెచ్చుకోని మనిషి, తూము దగ్గర నీళ్ల కోసం కొట్లాడుకునేవాళ్లను ఆపి మరీ నా సంగతి చెప్పేవాడట. ఈ మాట వాళ్లూ వీళ్లూ చెప్తే తెలిసింది నాకు. నా ముందు మాత్రం ఆయన మొహం మామూలుగానే ఉండేది.

సైకిలు మా పాత నల్ల సైకిలే. నంద్యాల బస్టాండు పక్క సైకిలుషాపు అన్న దాన్ని ముందు పెట్టుకుని, చుట్టూ ఒకసారి తిరిగి, "బరువు తీసేస్తే అదే పోతాదిలే," అన్నాడు. మడ్‌గార్డులు పీకాడు, క్యారియరు పీకాడు, చైను కవరు, స్టాండు కూడా పీకాడు. వంగి తొక్కడానికి వీలుగా హ్యాండిలును తలకిందులుగా తిప్పి బిగించాడు. బెల్లు మాత్రం ఉంచాడు. "లారీలోళ్లుండారు గదా," అన్నాడు. నాకు ఆ సైకిలును చూస్తే బొచ్చు గొరిగిన గొర్రెలా అనిపించింది. అయినా తొక్కితే నిజంగానే పోయేది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఎంత దూరమో, ఆ పోటీలో తొక్కాల్సింది కూడా దాదాపు అంతే. అంతకన్నా సులువైన కొలత మాకు ఇంకేముంది? తెల్లారుతూనే బయల్దేరి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరేవాణ్ని. వానాకాలం రోడ్డు మీదికి వచ్చిన నల్లరేగడి చక్రాలకు చుట్టుకుని ఒక్కోసారి చేత్తో గీకాల్సి వచ్చేది. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర హోటలు గోడకు సైకిలు ఆనించి, అక్కడి నుంచి అహోబిలం రోడ్డు మీద పరుగు. స్టాండు లేని సైకిలంటే హోటలాయనకు మంట. "గోడకు మరకలు పడతాండాయి, యాడన్నా పండబెట్టుకో పో," అని రోజూ కసిరేవాడు, కసురుతూనే ఉగ్గాని ప్లేటు నిండా పెట్టేవాడు. యాత్రికుల జీపులు నా పక్క నుంచి పోతూ, ఏదో మొక్కుబడికి ఉరుకుతున్నానని అనుకునేవి. ఒక ముసలామె జీపులోంచి చేతులెత్తి దండం కూడా పెట్టింది.

తడి నిక్కరుతో తొక్కితే తొడలు ఒరుసుకుపోతాయి. దానికి అమ్మ ఆముదం రాసుకోమంది. తెల్ల కాన్వాసు బూట్లలో కాళ్లు బొబ్బలెక్కితే పౌడరు చల్లింది. నిక్కరు జేబులో వేరుశనగ ఉండలు, సీసాలో ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు. ఈత కళ్లద్దాలు సారు ఎవరితోనో హైదరాబాదు నుంచి తెప్పించాడు. మా కాలువలో బురద నీళ్లకు అవి పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా ఒకటే. అందుకని దాచిపెట్టాను.

ఇక ఈత. మా కాలువలో ఈదే పద్ధతి తాతల నాటి నుంచీ ఒకటే. చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టి పై వంతెన దగ్గర దించుతారు, కింది వంతెన దగ్గర ఎక్కుతాం, గట్టు మీద నడిచి మళ్లీ పైకి వస్తాం. బెండ్లు తీసేశాక కూడా అంతే. ఎవడూ ఎదురు ఈదడు. ఈదాల్సిన పనేముంది? గట్టున దూరం రాళ్లు పాతి ఉన్నాయి కాబట్టి నాయన వాటినే లెక్కగా తీసుకున్నాడు. పై రాయి దగ్గర నేను దూకుతాను, ఆయన చేతి గడియారం చూసుకుంటూ గట్టు మీద బిరబిరా నడుస్తాడు, కింది రాయి దగ్గర చెయ్యి ఎత్తుతాడు. ఆ టైము చూసిన రోజు సారు ఎగిరి గంతేశాడు. పేపర్లో దేశం మొత్తం మీద మేటి ఈతగాళ్ల టైములు చదివి వచ్చాడట. "వాళ్ల కాడికి వచ్చినావురా నువ్వు!" అన్నాడు. నాయన గడియారాన్ని పైపంచెతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నాకు ఆ రోజు ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కాలువలో నీళ్లు వదిలినన్ని నెలలూ రోజూ ఈదాను. వదిలిన నీళ్లు తమ దారిన పారుతూనే ఉన్నాయి.

పోటీ ఒక పెద్ద పట్నంలో, చెరువులో. సైకిలును బస్సు టాపు మీద కట్టించి నాయనా నేనూ వెళ్లాం. స్కూలుకు సెలవు దొరక్క సారు రాలేదు. అక్కడికి వచ్చినవాళ్ల సరంజామా నేను ఎన్నడూ చూడనిది. ఒంటి చేత్తో ఎత్తే సైకిళ్లు. వేలంత సన్నటి టైర్లు. పెడలుకు ముందే బిగించి పెట్టిన బూట్లు. ఒంటికి అతుక్కున్న బట్టలు, అవే తడిసి అవే ఆరిపోతాయట. నా ఆముదం వాసనకు పక్కవాడు ముక్కు పట్టుకుని కొంచెం జరిగాడు. నాయన అవేవీ పట్టించుకోలేదు. "సైకిల్లో వాళ్లు ముందుపోతే పోనీ. నీళ్లలో నిన్ను అందుకునేటోడు ఈడ లేడు," అన్నాడు. నా సైకిలుకు స్టాండు లేదు కాబట్టి, ఈదేవాళ్లు బయటికి వచ్చే చోట తాడు అవతల దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

విజిల్ కొట్టారు. దూకాను. నా వాటంలో నేను ఈదుతున్నాను, ఊపిరి బాగానే ఉంది, చేతులు బాగానే ఉన్నాయి. తల తిప్పినప్పుడల్లా ఒడ్డున ఒక పసుప్పచ్చ బిల్డింగు కనిపించింది. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. కాలువలోనైతే నాలుగు బారలు వేసేసరికి తుమ్మచెట్లు, పొలాలు వెనక్కి పోతూ ఉండేవి. ఇక్కడ ఆ బిల్డింగు కదలదు. ఏదో నా కాళ్లు పట్టుకుని వెనక్కి లాగుతోందని భయం వేసింది. కాళ్లు విదిలించాను. ఏమీ లేదు. మిగతావాళ్లు లేపే నురగ కూడా దూరమై, చివరికి కనిపించకుండా పోయింది. నాతోపాటు ఒక పడవ మాత్రం ఉండిపోయింది, మునిగిపోయేవాళ్లను ఎక్కించుకునే పడవ.

ఒడ్డుకు వచ్చేసరికి ఒక అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. ఈతకు పెట్టిన టైము దాటిపోయిందనీ, దాటినవాళ్లను సైకిలు ఎక్కనివ్వరనీ చెప్పాడు. నాయన తాడు కింద నుంచి సైకిలుతో సహా దూరి వచ్చాడు.

"ఒగసారి ఎక్కనీ సార్. తొక్కేదాంట్లో అందుకుంటాడు. రోజూ ఆళ్లగడ్డకు పోయొస్తాండాడు సార్."

ఆ అధికారి మంచివాడే. రూలు ఒప్పుకోదని రెండుసార్లు నెమ్మదిగా చెప్పాడు. తర్వాత నన్ను చూసి, ఎక్కడ ప్రాక్టీసు చేశావని అడిగాడు. కాలువలో అన్నాను.

"పారే కాలువలోనా? నీళ్లు పోయే వైపేనా?"

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే పోట్లాడేవాణ్ని. నేను నాయన వైపు చూశాను. జన్మంతా నీళ్ల జోరు కొలిచిన మనిషి, చొప్ప ముక్క వేసి లెక్క చెప్పే మనిషి. ఆయన మొహంలో రక్తం లేదు. తలకిందుల హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తిరుగు బస్సు నంద్యాల దగ్గరికి వచ్చింది. కాలువ కనిపించాక నాయన అన్నాడు.

"నువ్వు పోతాండావనుకుంటిరా నేను. పోతాండేది నీళ్లు."

"నాకూ తెలీలేదు గదా నాయనా. సారుకూ తెలీలేదు."

"మీ సంగతి యాల? నాకు తెలియాల."

ఆ మాట నేను ఎన్నిసార్లు, ఎన్ని రకాలుగా కొట్టిపారేసినా ఆయన లోపలి నుంచి పోలేదు. నా వయసు దాటిపోయింది. అయినా ఆయన రైతులను బతిమాలి ఒక పెద్ద ఇంజను బావి చూసిపెట్టాడు, నిలవ నీళ్లలో నేర్చుకొమ్మని. కొన్నాళ్లు ఆ బావిలో గుండ్రంగా తిరిగాను. ఆయన పైన కూర్చుని చూసేవాడు, గడియారం లేకుండా. చివరికి నేనే మానేశాను. విత్తనాల గోడౌనులో మూటలు లెక్కపెట్టే పనికి కుదిరాను.

గట్టు మీద రైతులు ఊరుకుంటారా? "ఏమన్నా, నీ కొడుకు పోలీసయితే మాకు నీళ్లు ఎక్కువిడుస్తానంటివే, ఏమాయె?" అని ఎగతాళి చేసేవారు. వాళ్లకు అది సరదా. నాయన తూము తలుపు ఎత్తి ముందుకు నడిచేవాడు. నడక కూడా మారిపోయింది. పొద్దున చొప్ప ముక్క వేయడం మానేశాడు. ఇంజనీరు అడిగితే, నీళ్ల కొలత గేజీలో చూసుకోండి సార్ అనేవాడట.

కొన్నేళ్లకు, రెండువేలు దాటాక, ఆయనకు గుండె జబ్బు వచ్చింది. నంద్యాల ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని ఉంటే ఒకరోజు మధ్యాహ్నం కళ్లు తెరిచి అడిగాడు.

"నేనింగా రిటైరు గాలేదు గదరా?"

"లేదు నాయనా. ఇంకా టైముంది. నువ్వు మళ్లీ పోతావులే పనికి."

"ఆఁ. అయితే సాలు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పని మీద బెంగ అనుకున్నాను. తూముల తాళాలు ఎవరికి ఇచ్చారో కనుక్కుని వచ్చి చెప్పాను కూడా. ఆయన వినలేదు. ఆ వారంలోనే పోయాడు.

దినాలయ్యాక ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకం ఉంటుందనీ, నాయన లస్కరు ఉద్యోగం నాకు వస్తుందనీ చెప్పారు. రిటైరైన తర్వాత పోయి ఉంటే వచ్చేది కాదు. 'సాలు' అని ఆయన ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. తన వల్ల పోయిందనుకున్న ఉద్యోగాన్ని ఆ మంచం మీద పడుకుని నాకు తిరిగి ఇచ్చే దారి లెక్క వేసుకున్నాడు. నాయన మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. ఏడుపు కూడా ఆ కోపంతోనే వచ్చింది.

చేరిన రోజు ఆఫీసులో గుమాస్తా కాగితాలు నింపుతూ, తల ఎత్తకుండానే అడిగాడు. "కాలువ మీద పని గదప్పా. ఈతొచ్చునా?"

వచ్చు అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.