భాయ్ పడేయని అయస్కాంతం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్లు, చేతిలో డిప్లొమా, జేబులో దుబాయ్ వీసా. తెలియనివన్నీ నలభైకి దగ్గరపడ్డాకే ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి. రెండు వేల పదకొండు ప్రాంతంలో, దుబాయ్‌కి అవతలున్న ఉమ్ అల్ క్వైన్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో నేను స్టోర్‌కీపర్‌ని (ఇంట్లోవాళ్లకి మాత్రం ‘దుబాయ్‌లో మేనేజర్’ని). అక్కడ పనిచేసినవాళ్లంతా మా నెల్లూరు భాయ్‌ని ‘మాగ్నెట్ భాయ్’ అని పిలిచేవారు, ఆయన అయస్కాంతాన్ని కింద పడేసి పాడు చేశాడని. ఆయన పడేయలేదు. ఆ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా పని ఇత్తడి సామాను మెరిపించడం. కుళాయిలు, తలుపు గొళ్లేలు, వీటితోపాటు ఒక షూటింగ్ క్లబ్బు నుంచి వచ్చే పేలిన తూటాల ఖాళీ గుల్లలు. వాటిని భాయ్ ‘ఖోకాలు’ అనేవాడు. మసిబారి వచ్చిన ఖోకాలను మేం లోపలా బయటా శుభ్రం చేసి పంపితే, క్లబ్బువాళ్లు మళ్లీ నింపి వాడుకునేవారు. ఒక డ్రమ్ములో ఖోకాలు, నీళ్లు, సబ్బు, చిటికెడు నిమ్మఉప్పు, వాటితో పాటు గుండుసూదిని ముక్కలు చేసినట్టుండే స్టీలు పుల్లలు వేసి మూడు గంటలు తిప్పితే చాలు. పుల్లలు ప్రతి సందులోకీ దూరి మసి గీకేస్తాయి. తరువాత పెద్ద బిళ్లంత అయస్కాంతాన్ని నీళ్లలో ముంచి ఆడిస్తే పుల్లలన్నీ దానికి అంటుకొని పైకొచ్చేస్తాయి, ఇత్తడి కింద మిగిలిపోతుంది. ఈ చివరి వాక్యం జ్ఞాపకం పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

పాత పుల్లలు అరిగిపోయాయి, కొత్తవి కొనమన్నాడు ముదీర్, అంటే మా అసలు మేనేజర్. సప్లయర్ రెండు రకాల మచ్చులు పంపాడు. డ్రమ్ము తిప్పే భాయ్ ఒక పొట్లం ముందుకు జరిపి, “అబ్బయా, ఇయ్యి తీసుకో. షార్జాలో నాలుగేళ్లు ఇయ్యే వాడినా,” అన్నాడు. నేను వినే రకమా? మాది రాజమండ్రి. మా అమ్మ స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లేటప్పుడు చేతిసంచీలో చిన్న అయస్కాంతం వేసుకువెళ్లేది. గిన్నెకి అది అంటుకుందా, కొట్టువాడి పని అయిపోయినట్టే. “ఇనప డేక్సాకి పాలిష్ కొట్టి స్టీలని అంటగడతావేటయ్యా?” అని వీధి మొత్తానికి వినపడేలా అడిగేది. ఆ విద్య నాకు వారసత్వంగా వచ్చింది. భాయ్ చూపించిన పుల్లల దగ్గర అయస్కాంతం పెట్టాను. టక్కున అంటుకున్నాయి. రెండో పొట్లం దగ్గర పెట్టాను. ఒక్కటీ కదల్లేదు.

“చూశారా భాయ్‌గారూ! మీవి కల్తీ. అసలు స్టీలంటే ఇదీ!”

భాయ్ నోరు తెరిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి, స్టీలు గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపికగా విని, “సరే అబ్బయా, స్టోరు నీది,” అని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అప్పటికి భాయ్ రెండేళ్లుగా సెలవుకి వెళ్లలేదు. పోయినసారి సెలవు ముగించుకుని ఇటు వచ్చాక కూతురు పుట్టింది. పిల్లకి ఏడాదిన్నర నిండినా ఫోన్‌లో ఏడుపు వినడమే తప్ప, ఎత్తుకున్నది లేదు. మూడుసార్లు వాయిదా పడిన సెలవు ఈసారి ఖాయమైంది. గురువారం సాయంత్రం షార్జా నుంచి చెన్నై విమానం. ముదీర్ పెట్టిన షరతు ఒక్కటే: గురువారం మధ్యాహ్నానికి క్లబ్బు ఆర్డర్ పూర్తి కావాలి, అప్పుడే సొరుగులోంచి పాస్‌పోర్టు బయటికి వస్తుంది.

మంగళవారం పొద్దున్న నా అసలు సిసలు పుల్లలతో మొదటి డ్రమ్ము తిప్పాం. ఖోకాలు బంగారంలా మెరిశాయి. నేను చేతులు కట్టుకుని, గర్వంగా నిలబడ్డాను. భాయ్ అయస్కాంతాన్ని నీళ్లలో ముంచి, ఆడించి, పైకి తీశాడు. శుభ్రంగా, తళతళలాడుతూ, ఖాళీగా వచ్చింది. మళ్లీ ముంచాడు. మళ్లీ ఖాళీ. అడుగున లెక్కలేనన్ని పుల్లలు ప్రతి ఖోకాలోనూ కాపురం పెట్టి కూర్చున్నాయి. అసలు స్టీలుకి అయస్కాంతం అంటుకోదని చాటిన మహానుభావుణ్ణి నేనే కదా!

సరిగ్గా అప్పుడే ముదీర్ వచ్చాడు. “ఏ క్యా హై? క్యూం నహీ ఉఠ్తా?” అన్నాడు, ఎందుకు లేవడం లేదని.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. “మాగ్నెట్ ఖలాస్, సార్. కల్ భాయ్ నీచే గిరాయా. గిరేతో పవర్ ఖలాస్,” అన్నాను, నిన్న భాయ్ కింద పడేస్తే పవర్ పోయిందని.

భాయ్ నా వైపు చూశాడు. “నేను పడేయలా,” అన్నాడు నెమ్మదిగా, తెలుగులోనే. ముదీర్‌కి తెలుగు రాదు. “కామ్ ఖలాస్, ఫిర్ పాస్‌పోర్ట్,” అని భాయ్‌కి వేలు చూపించి, దుబాయ్ నుంచి కొత్త మాగ్నెట్ తెప్పించమని నాకు చెప్పి వెళ్లాడు.

అబద్ధం ఆడటం ఒక పనైతే, దాన్ని పోషించడం వేరే పని. ‘పాడైన’ ఆ అయస్కాంతం ముదీర్ తాళాలగుత్తిని చూస్తే లాక్కుంటుందేమోనని నాకు భయం. ఆయన అడుగుల చప్పుడు వినగానే దాన్ని చొక్కాలోకి దోపేశాను. అది వెంటనే నా బెల్టు బకిల్‌ని కరుచుకుంది. ముందుకు వంగితే తప్ప నిలబడలేని పరిస్థితి. “పేట్ దర్ద్?” అన్నాడు ముదీర్ జాలిగా, కడుపునొప్పా అని. అవునన్నాను. నిమ్మకాయ నీళ్లు తాగమని చెప్పి వెళ్లాడు. దాన్ని ఊడదీయడానికి బాత్‌రూమ్‌లో బెల్టుతో చాలాసేపు కుస్తీ పట్టాను.

బుధవారం పొద్దున్న కొత్త అయస్కాంతం వచ్చింది. అట్టపెట్టె సీలు కూడా తీయలేదు. ముదీర్ స్వయంగా విప్పి నీళ్లలో ముంచాడు. ఖాళీ. ఆయన దాన్ని చూశాడు, భాయ్‌ని చూశాడు, చివరికి నన్ను చూశాడు.

“ఏ భీ భాయ్ గిరాయా?”

“షాపువాళ్లు గిరాయించి ఉంటారు సార్,” అన్నాను. (ఆ హిందీ నాది. ఎవరూ నేర్పలేదు.)

ముదీర్ తల పట్టుకుని ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి వెళ్లాడు. భాయ్ తన టీ స్పూను తీసి ‘పాడైన’ అయస్కాంతం ముందు పెట్టాడు. ఠంగ్‌మని అంటుకుంది. పీకి, జేబులో వేసుకున్నాడు.

“తీగ సాగదీసేటప్పుడు మంచి స్టీలుక్కూడా కొంచెం అయస్కాంతం పట్టు వస్తాది అబ్బయా. ఆ పట్టు కోసమే ఆ పుల్లలు కొనేది. నువ్వు కొన్నది కూడా మంచి స్టీలే. మనకి పనికిరాని మంచిది. ఇదే చెప్దామనుకున్నా ఆ రోజు. నువ్వు నోరు తెరవనిస్తే కదా!”

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా మెస్సుకి వెళ్లి, బిర్యానీ బియ్యం వార్చే పెద్ద చిల్లుల గిన్నె తెచ్చాడు. ఖోకాలు అందులో పోసి నీళ్ల టబ్బులో ముంచి, బియ్యం గాలించినట్టు గిరగిరా తిప్పాడు. పుల్లలు చిల్లుల్లోంచి జలజలా కిందికి దిగాయి. మొండికేసి లోపలే ఉండిపోయిన వాటిని నేను ఒక్కో ఖోకా బోర్లించి తట్టి రాల్చాను. బుధవారం అన్నంలేదు, గురువారం టీలేదు. వేళ్ల చివర్లు నీళ్లకి నాని ఎండుద్రాక్షల్లా అయ్యాయి. మెస్సువాళ్లు గిన్నె కోసం వచ్చి, అందులో తూటా గుల్లలు చూసి, ఏం అడగకుండా వెనక్కి వెళ్లిపోయారు.

గురువారం ఒంటిగంటకి ఆఖరి పుల్ల రాలింది. ముదీర్ సొరుగు తీశాడు. భాయ్ పెట్టె కారెక్కింది. ఇంక ఆగలేక కారు కిటికీ పట్టుకున్నాను.

“భాయ్‌గారూ, నేను ఇప్పుడే ముదీర్ దగ్గరికెళ్లి నిజం చెప్పేస్తానండీ.”

భాయ్ హడలిపోయాడు. “ఒరే నీకు దణ్ణం పెడతా, ఇప్పుడొద్దు! నువ్వు చెప్తే ఆయన నన్ను వెనక్కి పిలిపిస్తాడు, ఎంక్వైరీ అంటాడు, రెండు దినాలు కూచోబెడతాడు. నింద యాడికైనా మోసకపోతా, ఎయిర్‌పోర్టులో దాన్ని తూకం వెయ్యరు. నా బిడ్డని చూసుకోనీ. విమానం ఎగిరినాక చెప్పుకో.” డ్రైవర్ వీపు మీద తట్టి, “యల్లా, యల్లా!” అని తొందరపెట్టాడు.

ఆ సాయంత్రం నేను మా గది మిద్దెమీద నిలబడ్డాను. షార్జా వైపు నుంచి ఒక విమానం ఎగిరింది. భాయ్‌ది ఇది కాదేమో, తొందరపడకూడదు అనుకున్నాను. ఇంకొకటి ఎగిరింది. ఇదీ కాదేమో. అలా ఎన్ని విమానాలు ఎగరనిచ్చానో! రెండు నెలలకి భాయ్ తిరిగివచ్చేసరికి ఆయనకి కొత్త పేరు స్థిరపడిపోయింది. ఆయన ఆ పేరుకి నవ్వుతూ పలికాడు, ఫోన్‌లో కూతురి ఫొటో చూపించాడు, నన్ను ఏమీ అడగలేదు. ఇప్పటికీ తల పైనుంచి విమానం వెళితే, మిద్దెమీద మెడ రిక్కించి ‘ఇది మాత్రం కాదులే’ అనుకుంటూ నిలబడిన ఆ సర్వజ్ఞుడైన కుర్రాడు కనిపిస్తాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామంటే నవ్వొస్తుంది. భాయ్, ఎగిరింది. నాకు తెలుసు, మొదటిదే మీది.