బ్రాడీపేట ఇంటి అటక తలుపు

కరోనా సద్దుమణిగి పనులు మళ్లీ మొదలైన వేసవిలో నన్ను ఒంగోలు నుంచి గుంటూరు బదిలీ చేశారు. ఒక క్రైస్తవ విద్యాసంస్థకు చెందిన భవనాల విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుని. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషికి పెద్ద పనులు ఎవరూ అప్పగించరు. బ్రాడీపేటలో సంస్థకే చెందిన ఒక పాత ఇంటికి అటక తలుపు మార్చమన్నారు.

ఆ ఇంట్లో సుగుణమ్మ గారని రిటైరైన టీచరు ఉండేవారు. అటక తలుపు హాలు కప్పులో ఉంది. తాడు పట్టి లాగితే తలుపు కిందికి వాలి, దానికి బిగించిన మడత నిచ్చెన విచ్చుకుంటుంది. బందులు తుప్పు పట్టడంతో ఎవరూ లాగకుండానే జారి వేలాడుతోంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడిక సరిగ్గా దాని కిందే. ఎవరి నెత్తిన పడుతుందోనని ఆవిడ భయం.

ఇలాంటి పనికి ఒక వరస ఉంది. ముందు గది ఖాళీ చేయించాలి. తలుపు కింద ఊతకర్రలు నిలబెట్టి, నిచ్చెన విప్పి, ఆ తర్వాత తలుపు, చివర్న చౌకట్టు తియ్యాలి. నేను అన్నీ పద్ధతిగానే చేయించాను, మొదటిది తప్ప.

“మా ఆయన రేటు వచ్చేదాకా మిరపకాయలు పైనే దాచేవారు బాబూ. ఆ దుమ్ము ఇంకా ఉండే ఉంటుంది. నాకసలే ఆయాసం. బయట కూర్చోమంటారా?” అని ఆవిడే అడిగారు.

“మీరు కదలకండి టీచరు గారూ. మాది మిరప పండే ఊరే. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి ఘాటు సంగతి చెప్తారా?” అన్నాను. కార్పెంటరు నాగేశ్వరరావు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటుంటే, “ఏమయ్యా, పెళ్లికూతురిలా ఆ ముసుగేంటి?” అని ఎగతాళి కూడా చేశాను.

చౌకట్టు ఊడింది. ఆ సాయంత్రమే కూడిక ఉంది. పైన పేరుకున్న చెత్తను చీపురుతో ఊడిస్తే ఆలస్యమవుతుందని నేనే వేరే నిచ్చెన వేసుకుని ఎక్కి, గాలి కొట్టే బ్లోయరు పెట్టాను.

ఎర్రటి దుమ్ము హాలంతా కమ్మేసింది. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. ఎలా దిగానో తెలీదు, ఎదురింటి గోడ పట్టుకుని దగ్గుతూ ఉన్నాను. లోపల కుర్చీలో పెద్దావిడ ఉన్నారన్న సంగతి అప్పుడు గాని గుర్తు రాలేదు. వెనక్కి తిరిగేసరికి నాగేశ్వరరావు ఆవిణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగుతున్నాడు.

ఆటోలో ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాను. మాస్కు పెట్టి మందు పీల్పించాక ఊపిరి కుదుటపడింది. ఆవిడ కళ్లు తెరిచేసరికి పక్కన ఉన్నది నేను. నాగేశ్వరరావు ఇల్లు కడగడానికి ఉండిపోయాడు.

మరుసటి శుక్రవారం కొత్త తలుపు కింద జరిగే కూడికకు మా ఇద్దర్నీ పిలిచారు. ఎప్పుడూ పాట ఎత్తేది సుగుణమ్మ గారేనట. ఆ రోజు గొంతు బొంగురుపోయి ఎత్తలేకపోయారు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళకు మాత్రం లేచి నిలబడ్డారు. “నన్ను ఎత్తుకొచ్చి కాపాడిన ఇంజనీరు గారిని బట్టి దేవునికి స్తోత్రం,” అన్నారు.

అందరూ స్తోత్రం అన్నారు. నాగేశ్వరరావు కూడా అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. లేచి, “ఎత్తుకొచ్చింది నేను కాదండీ, నాగేశ్వరరావు. నేను మిమ్మల్ని వదిలేసి ముందే వీధిలోకి పరిగెత్తాను,” అన్నాను. తలెత్తి ఎవరినీ చూడలేకపోయాను.

ఆవిడ నా ముందున్న కప్పు చూపించి, “కూర్చోండి బాబూ, టీ చల్లారిపోతుంది,” అన్నారు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మిగిలిన ఉద్యోగ కాలంలో ఏ ఇంట్లో ఏ చిన్న పని చేయించినా, ముందు ఇంట్లోవాళ్లను బయట కూర్చోబెట్టాను. అందరూ బయటికి వచ్చారని చూసుకున్నాకే నేను లోపల అడుగు పెట్టాను.