పంటు మీద పిల్లలు, గట్టు మీద నేను

కొందరు మగవాళ్ళు బజారుకెళ్ళి గొడుగు మర్చిపోయి వస్తారు. ఇంకొందరు పెళ్ళికెళ్ళి ఎవరి చెప్పులో వేసుకొస్తారు. నేను నా ఇద్దరు పిల్లల్ని కారులో కూర్చోబెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, వాళ్ళని గోదావరి దాటించేశాను. వాళ్ళు మాత్రమే దాటారు, నేను ఇవతలి గట్టునే ఉండిపోయాను. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదని ముందే చెప్పేస్తున్నాను. చెప్పకపోతే చదివినంతసేపూ నన్ను తిట్టుకుంటారు. చెప్పినా తిట్టుకుంటారనుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో నాకది ఇరవై ఏళ్ళుగా అలవాటే.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఏడాదో రెండేళ్ళో అయింది. భీమవరంలో కాపురం. నేను ఓ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి, మా ఆవిడ సుజాత హైస్కూల్లో టీచరు. వేసవి సెలవుల్లో ఆవిడ పదో తరగతి పేపర్లు దిద్దే పనిలో పడింది కాబట్టి, పిల్లలిద్దర్నీ తీసుకుని కోనసీమలో ఉన్న మా ఊరెళ్ళి నాలుగురోజులుండి తిరిగొస్తున్నాను. కూతురు చిన్నికి ఆరేళ్ళు, కొడుకు పండుకి మూడేళ్ళు. కారు పాత మారుతి. అందులో ఏసీ అనే మీట ఉండేది, చల్లగాలి ఉండేది కాదు. "మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలి. దారిలో ఎక్కడా ఆగొద్దు, మీ సంగతి నాకు తెలుసు," అని సుజాత ముందురోజే ఫోనులో హెచ్చరించింది.

సఖినేటిపల్లి రేవుకొచ్చి, నరసాపురం వెళ్ళే పంటు ఎక్కించాను కారుని. పంటు ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి, పైన చెక్కలు పరిచి, దాని మీద లారీలూ కార్లూ మోటారుసైకిళ్ళూ మనుషులూ అందర్నీ ఏరు దాటిస్తారు. ఓ చివర ఎక్కి, అవతలి గట్టున రెండో చివర దిగాలి. అంటే ముందెక్కిన బండే ముందు దిగాలి, అది కదలకపోతే వెనకవి కదల్లేవు. ఆ రోజు ముందెక్కిన బండి నాదే. అదేదో ఘనకార్యమైనట్టు మీసం దువ్వుకున్నాను కూడా.

అప్పుడు గట్టు మీద బొండాల కుప్ప పక్కన చిన్నమావయ్యగారు కనబడ్డారు. అంటే సుజాతకి స్వయానా బాబాయి. ఆయన కూడా నన్ను చూశారు. ఇక్కడ మీకు మా వైపు సంగతి కొంచెం చెప్పాలి. అంతకుముందోసారి బస్సులోంచి ఆయనకి చెయ్యి ఊపి వెళ్ళిపోయానని, "అల్లుడుగారు మనల్ని చెయ్యూపి సాగనంపేశారమ్మా," అంటూ ఆర్నెల్లు చుట్టాలందరికీ చెప్పుకున్నారు. ఈసారి కారులో కూర్చుని తల ఊపానంటే బతికినన్నాళ్ళూ చెప్పుకుంటారు. దిగి వెళ్ళి పలకరించక తప్పదు. పోనీ పిల్లల్ని కూడా తీసుకెళ్దామంటే, మనవలు ఊళ్ళోకొచ్చి గడప తొక్కకుండా వెళ్తారా అని ఇంటికి లాక్కెళతారు. కోడి, పులుసు, కునుకు, కొత్త బట్టలు. సాయంత్రానికి గానీ వదలరు. భోజనాల వేళకి నేను లేకపోతే భీమవరంలో నా భోజనం ఉండదు.

లెక్కల మాస్టార్ని కదా, లెక్క వేశాను. పంటు నిండటానికి ఇంకా రెండు లారీలు ఎక్కాలి, తక్కువలో తక్కువ పావుగంట. పలకరించి రావడానికి ఐదు నిమిషాలు. కాబట్టి పిల్లలు కారులోనే ఉంటారు. అద్దాలు రెండేసి వేళ్ళు దించాను.

"చిన్నీ, తాతగారికి దణ్ణం పెట్టి వచ్చేస్తాను. ఎవరు కొట్టినా తలుపు తియ్యకు. నీళ్ళున్నాయి కదా చుట్టూ, తమ్ముడు దిగితే ప్రమాదం."

"ఎవరు కొట్టినానా?"

"ఎవరు కొట్టినా."

బయటనుంచి తాళం వేశాను. ఎంత జాగ్రత్తో చూశారా.

చిన్నమావయ్యగారు చేతులు చాపుకుంటూ ఎదురొచ్చారు. "రండి రండి అల్లుడుగారూ. కారేసుకొచ్చారా? పిల్లలేరండి?"

"భీమవరంలోనే ఉన్నారండి. నేనొక్కణ్ణే వచ్చానండి."

అంత పచ్చి అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థంకాదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దలు సామెత చెప్పారు. పెద్దమనుషులు చదివే చోట దాన్ని పూర్తిగా రాయలేను.

"ఒక్కరే వచ్చి మా గుమ్మం తొక్కకుండా వెళ్తున్నారన్నమాట. పోనీలెండి, బొండమన్నా తాగుదురు గాని," అని బొండాలాయన వైపు తిరిగారు. "లేతది చూడవయ్యా. అది కాదు, అది ముదురు. అది అంతకన్నా ముదురు. అల్లుడుగారికయ్యా ఇచ్చేది."

మావయ్యగారు బొండాలని పెళ్ళిచూపులు చూసినట్టు చూశారు. నాలుగోది నచ్చింది. నేను పంటుకి వీపు పెట్టి నిలబడ్డాను, ఆయన చూపు అటు పోకుండా. అందువల్ల నా చూపు కూడా అటు పోలేదు. వెనక ఏదో కారు దుమ్ము రేపుకుంటూ రేవులోకి దిగినట్టు, ఎవరో అరిచినట్టు, ఇంజను మొదలైనట్టు వినబడింది. రేవన్నాక ఇంజన్లు మొదలవుతూనే ఉంటాయి. నేను బొండం తాగుతున్నాను.

"కాన్పు కేసనుకుంటానండి, టాక్సీలో తెచ్చారు పాపం," అన్నారు మావయ్యగారు నా భుజం మీదుగా చూస్తూ. "లారీలకి ఆగకుండా పంటు తీసేశాడు సరంగు. మంచోడు."

తిరిగి చూశాను. పంటుకీ గట్టుకీ మధ్య గోదావరి కనబడుతోంది.

"మావయ్యగారూ, పిల్లలండి."

"ఏ పిల్లలండి?"

"మన పిల్లలేనండి."

"భీమవరంలో ఉన్నారన్నారుగా?"

"పంటు మీద ఉన్నారండి. కారులో. తాళం వేశానండి."

నేను మోకాళ్ళలోతు నీళ్ళలోకి పరుగెత్తి, బొండం ఉన్న చేత్తోనే ఊపుతూ అరిచాను. సరంగు చాలా మర్యాదస్తుడు, ఆయన కూడా తిరిగి చెయ్యి ఊపాడు. "కాన్పు కేసండీ, తర్వాత ట్రిప్పుకి రండి," అని కేకేశాడు. వెనక్కి రమ్మని ఏ నోటితో అడగను? అందులో ఓ ఆడమనిషి నొప్పులు పడుతోంది. ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. నేను దాటకముందే అయిపోయాను.

వల బాగుచేసుకుంటున్న అప్పారావు అనే ఆయన సంగతి విని, వల పక్కన పడేసి ఇంజను పడవ నీళ్ళలోకి తోశాడు. మావయ్యగారు పంచె ఎగ్గట్టి నాకన్నా ముందెక్కారు. కొంతదూరం పోయాక అప్పారావు అడిగాడు.

"పిల్లలు ఎంతెంత వాళ్ళండి?"

"ఆరూ, మూడూ."

"ఆళ్ళని ఒదిలేసి బొండం తాగడమేటండి బాబూ."

అప్పుడు చూసుకున్నాను, అది ఇంకా నా చేతిలోనే ఉంది. పారెయ్యడానికి కూడా సిగ్గేసింది. మావయ్యగారు గోదావరి వైపు చూస్తూ, "ఒక్కణ్ణే అన్నారు," అని మెల్లగా అన్నారు. పడవ మీద ఆయన మాట్లాడింది అంతే. చెంప మీద కొట్టినా బాగుండేది.

ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలో గుచ్చుతోంది. రెండేసి వేళ్ళ సందులోంచి కారులోకి ఎంత గాలి వెళుతుందో లెక్కవేద్దామనుకున్నాను. ఏళ్ళ తరబడి లెక్కలు చెబుతున్నవాణ్ణి, ఒక్క అంకె కూడా మనసులో నిలవలేదు. పండుకి దాహమేస్తే? నీళ్ళసీసా డిక్కీలో పెట్టాను. సుజాతకి ఏం చెప్పాలి అని మొదట భయపడ్డాను. కాసేపటికి ఆ భయం కూడా పోయింది, పిల్లలుంటే చాలు, ఆవిడ ఏమైనా చెయ్యనీ అనిపించింది. ఏడ్చాను. మావయ్యగారు చూడనట్టు కూర్చున్నారు.

మేము సగం దాటేసరికి పంటు అవతలి గట్టుకి చేరింది. ఎవరూ దిగడంలేదు. అంతా నా కారు చుట్టూ మూగి ఉన్నారు. అప్పుడు వెలిగింది నాకు. ముందున్నది నా కారు. దాని వెనక టాక్సీ. తాళంచెవి నా జేబులో. ఆ టాక్సీలోంచి ఓ కేక నీళ్ళ మీదుగా మా దాకా వచ్చింది. నా పిల్లల్నే కాదు, ఎవరో పుట్టబోయే బిడ్డని కూడా ఏటి ఒడ్డున ఆపేశాను.

తర్వాత జరిగింది పడవలోంచే చూశాను. పదిహేనుమంది దాకా మగవాళ్ళు కారు చుట్టూ వంగారు. "హైలెస్సా" అని ఒక్క అరుపు వినబడింది. నా పాత మారుతి, లోపల నా పిల్లలతో సహా, చెక్కల మీంచి పైకి లేచింది. ఊరేగింపులో దేవుడి పల్లకీలా ఊగుతూ పంటు దిగి, ఇసుకలో పక్కగా కూర్చుంది. మరుక్షణం టాక్సీ దూసుకుపోయింది.

నేను పడవ ఆగకుండానే దూకి, నడుంలోతు నీళ్ళలో ఈడ్చుకుంటూ వెళ్ళాను. కారు పక్కన చేపలమ్మే ఆవిడ ఒకామె, ఖాళీ గంపని అద్దానికి ఎండ తగలకుండా అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె చీరంతా తడిసి ఉంది. అప్పటిదాకా కారు పైకప్పు మీద నీళ్ళు పోస్తూనే ఉందట. ఎవరో ఇనుపచువ్వతో అద్దం పగలగొట్టబోతే, పెంకులు పిల్లల మీద పడతాయని ఆమే ఆపిందట.

"నీ పిల్లలేనా?" అంది.

"అవునమ్మా."

"ముందు తలుపు తియ్యి. తర్వాత అడుగుతాను."

తాళంచెవి రెండుసార్లు ఇసుకలో పడింది. తలుపు తీస్తే పొయ్యి మీద మూత తీసినట్టు వేడి కొట్టింది. పండు వెనక సీట్లో జుట్టంతా చెమటతో అతుక్కుపోయి పడుకుని ఉన్నాడు. పిలిచాను. కదల్లేదు. పట్టుకుని ఊపాను. కళ్ళు తెరవలేదు. ఆ తర్వాత కొన్ని క్షణాలు నాకు సరిగ్గా గుర్తులేవు. చేపలావిడ వాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుని, మొహాన నీళ్ళు కొట్టి, పెదాలు తడిపింది. వాడు దగ్గాడు, ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. అంత తియ్యటి ఏడుపు నేను జన్మలో వినలేదు.

చిన్ని తలుపు దగ్గరే కూర్చుని ఉంది. మొహం మిరపపండులా ఎర్రగా ఉంది, వేళ్ళు ఇంకా తలుపు గొళ్ళెం మీదే ఉన్నాయి. నన్ను చూసి మెచ్చుకుంటానని ఆశగా చెప్పింది.

"నేను తియ్యలేదు నాన్నా. చాలామంది కొట్టారు. తమ్ముడు ఏడ్చినా తియ్యలేదు."

చేపలావిడ తర్వాత అడుగుతానన్నది మాత్రం అడిగింది. రేవంతా వినేలా అడిగింది. మా తాతముత్తాతలు కూడా అందులోకి వచ్చారు. నేను తల వంచుకుని అన్నిటికీ "అవునమ్మా" అన్నాను. సరంగు వచ్చి, "చెయ్యూపింది మీరేనాండి? మర్యాదకి ఊపారనుకున్నాను," అని నొచ్చుకున్నాడు పాపం.

మావయ్యగారు ముందుసీట్లో కూర్చుని, "ముందు ఆస్పత్రికి పోనివ్వండి," అన్నారు. పిల్లలిద్దర్నీ చెరో చంకనా వేసుకుని ఆస్పత్రి వరండాలోకి వెళ్ళాను. టాక్సీలో వచ్చినావిడకి అప్పటికే కాన్పయింది, ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఆ తండ్రి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, నలిగిన చొక్కా, ఇరవైఐదేళ్ళుంటాయి. నేనెవర్నో చెప్పాను. కొడతాడనుకుని పిల్లల్ని కిందికి దించాను కూడా. అతను నా వైపు చూడలేదు. వంగి చిన్ని చెంప ముట్టుకుని, "పిల్లలకి ఏమీ కాలేదు కదండీ?" అన్నాడు. కొట్టినా నయమే అని ఆ రోజు అనిపించడం అది రెండోసారి.

సుజాతకి చెప్పొద్దని మావయ్యగారిని బతిమాలుకున్నాను. "నేనెందుకు చెబుతానండి, మీరే చెబుతారు," అన్నారు. భీమవరం దాకా వచ్చి, గుమ్మంలో నా వెనకాలే నిలబడ్డారు. నేనే చెప్పాను. సుజాత అరవలేదు. పిల్లలకి స్నానం చేయించి, అన్నం పెట్టి, వాళ్ళని రెండు పక్కలా వేసుకుని పడుకుంది. నాతో వారంరోజులు మాట్లాడలేదు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం మాట్లాడింది. "వెళ్ళి కారులో కూర్చోండి. అద్దాలు రెండేసి వేళ్ళు దించుకోండి. నేను రమ్మన్నప్పుడు రండి."

వెళ్ళి కూర్చున్నాను. ఎదురింటి రిటైర్డు తాసీల్దారుగారు అటుగా వెళుతూ ఆగారు. "ఏంటి మాస్టారూ, ఎక్కడికి ప్రయాణం?"

"ఎక్కడికీ కాదండి."

"ఎవరికోసమన్నా చూస్తున్నారా?"

"లేదండి. ఊరికే కూర్చున్నానండి."

ఆయన గబగబా ఇంట్లోకెళ్ళి తలుపేసుకున్నారు. పది నిమిషాలకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పదిహేనుకి నాలుక పిడచకట్టింది. తలుపు తియ్యడం నా చేతిలో పనే. కానీ తియ్యలేదు. తియ్యడానికి మొహం లేదు. వాళ్ళు నలభై నిమిషాలు కూర్చున్నారని తలుచుకుంటూ ఉన్నాను.

అప్పుడు ఇంట్లోంచి చిన్ని చెప్పుల్లేకుండా కాళ్ళు కాలుతున్నా పరుగెత్తుకొచ్చి, బయటనుంచి తలుపు బార్లా తీసింది. "దిగు నాన్నా," అంది.

"అమ్మ రమ్మందా?"

"లేదు. ఊపిరాడకపోతే ఎవరు వద్దన్నా తలుపు తీసెయ్యాలని అమ్మ నేర్పింది." నేను బాధపడతానేమో అని చూసుకుని, మెల్లగా చెప్పింది. "నాన్న వద్దన్నా సరే అంది."

కాబట్టి, గోదావరి తల్లి సాక్షిగా, చేపలావిడ తిట్లు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మావయ్యగారు ఏ రేవులో కనబడినా కారు దిగను. దిగితే పిల్లల్ని చంకనేసుకునే దిగుతాను. మా చిన్ని ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది, పండు నాకన్నా జానెడు పొడుగు. చంకకి ఎక్కమంటే ఎక్కడంలేదు గానీ, ప్రమాణం ప్రమాణమే.